కొలత కుదిరింది... తలుపు కుదర్లేదు!

ఆ మధ్య మా ఇంటి వెనక గదికి కొత్త తలుపు చేయించాం. వడ్రంగి టేపు పెట్టి గుమ్మం వెడల్పు కొలిచాడు, ఎత్తు కొలిచాడు, కాగితం మీద రాసుకున్నాడు. వారం తర్వాత తలుపు తెచ్చి బిగిస్తే... పైన పట్టేసింది, కింద సందు! మళ్లీ టేపు తీశాం. వెడల్పు సరిగ్గానే ఉంది. ఎత్తూ అంతే. మరి తేడా ఎక్కడ? మూలమట్టం పెట్టి చూస్తే తెలిసింది, గుమ్మమే ఓ పక్కకి ఒరిగిందని. అంకెలు రెండూ నిజమే, ఆకారమే తప్పు.

తలుపైతే కాస్త చిత్రిక పట్టి సర్దుకోవచ్చు. విమానం రెక్కలో బిగించే బ్రాకెట్టును అలా సర్దలేం. అది ఒక దేశంలో తయారై, దాన్ని బిగించే భాగం మరో దేశంలో తయారై, మూడో దేశంలో రెండూ కలవాలి. అందుకే ఇంజినీర్లు పొడవు వెడల్పులతో పాటు ఎంత చదునుగా ఉండాలి, ఎంత నిలువుగా ఉండాలి, దేన్ని ఆధారం చేసుకుని కొలవాలి... ఇవన్నీ డ్రాయింగులోనే చెప్పే ఓ గుర్తుల భాష తయారుచేసుకున్నారు. పేరు కాస్త పెద్దదే. జామెట్రిక్ డైమెన్షనింగ్ అండ్ టాలరెన్సింగ్. పరిశ్రమల్లో అందరూ 'జీడీ అండ్ టీ' అనేస్తారు. ఉద్యోగంలో చేరి అయిదారేళ్లయిన ఇంజినీర్లు కూడా మళ్లీ విద్యార్థుల్లా బల్లల ముందు కూర్చుని నేర్చుకుంటున్న పాఠమిది.

దగ్గరున్నది తుక్కులోకి!

ఓ కడ్డీని కచ్చితంగా 50 మిల్లీమీటర్లకి కోయమంటే ప్రపంచంలో ఏ యంత్రమూ కోయలేదు. 50.02 రావచ్చు, 49.97 రావచ్చు. ఎంత తేడా వరకూ పర్వాలేదో ముందే చెప్పాలి. ఆ మినహాయింపే టాలరెన్స్. మనం రాసుకునే తెల్లకాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఈ లోకంలో అది పెద్ద కొలతే!

ఇప్పుడో చిన్న లెక్క. ఒక ఇనుప పలకలో బోల్టు కోసం రంధ్రం వేయాలి. ఎడమ అంచు నుంచి ఇంత, కింది అంచు నుంచి ఇంత అని దూరాలు చెప్పి, 'అటూ ఇటూ 0.1 వరకూ పర్వాలేదు' అని రాశారనుకుందాం. పాతకాలం పద్ధతి ఇదే. ఒక పలకలో రంధ్రం కుడికి 0.1, పైకి 0.1 జరిగింది. అంటే ఉండాల్సిన చోటు నుంచి మూలగా 0.141 దూరం. రెండు కొలతలూ హద్దులోనే ఉన్నాయి కాబట్టి పాస్. ఇంకో పలకలో కుడికి మాత్రమే 0.12 జరిగింది. హద్దు దాటింది కాబట్టి ఫెయిల్!

చూశారా తమాషా... ఉండాల్సిన చోటుకి దగ్గరగా ఉన్న రంధ్రం తుక్కులోకి పోయింది, దూరంగా ఉన్నది పాసైంది. పాపం బోల్టుకి కుడి, ఎడమ తెలీవు. ఎటు జరిగినా ఎంత జరిగిందన్నదే దానికి లెక్క.

ఈ తిరకాసును పట్టుకున్నవాడు స్టాన్లీ పార్కర్. స్కాట్లాండ్‌లోని అలెగ్జాండ్రియాలో (ఈజిప్టుది కాదు, ఇది వేరే ఊరు) బ్రిటిష్ నౌకాదళానికి టార్పెడోలు చేసే కర్మాగారంలో పనిచేసేవాడు. అంతకుముందు అది రాజభవనం లాంటి ఆర్గిల్ కార్ల ఫ్యాక్టరీ. తనిఖీలో పక్కన పడేసిన భాగాల్లో కొన్ని నిజానికి చక్కగా బిగుస్తాయని పార్కర్ గమనించాడు. అటూ ఇటూ కొలిస్తే వచ్చే హద్దు చతురస్రం. కానీ గుండ్రటి బోల్టుకు కావలసింది వృత్తం. ఆ చతురస్రం నాలుగు మూలల్నీ తాకుతూ వృత్తం గీస్తే వ్యాసం 0.28 మి.మీ. అవుతుంది, వైశాల్యం 57 శాతం పెరుగుతుంది. బోల్టుకి నష్టం లేదు, వర్క్‌షాపుకి అంత వెసులుబాటు. 1940లో, యుద్ధం నడుస్తుండగా, పార్కర్ ఈ ఆలోచనల్ని పుస్తకంగా తెచ్చాడు. ఇనుము ప్రతి ముక్కా లెక్కే అయిన రోజులవి.

ముక్కాలిపీట పాఠం

శిక్షణ తరగతులు సాధారణంగా రెండు మూడు రోజులుంటాయి. గుర్తులు బట్టీ పట్టించడానికైతే ఒక్క పూట చాలు. అమెరికా ప్రమాణం వై14.5లో 14 గుర్తులుండేవి, 2018 నాటి కూర్పులో రెండింటిని తీసేసి 12 చేశారు. అసలు కష్టం గుర్తుల్లో లేదు. ఆధారం ఎంచుకోవడంలో ఉంది. దాన్నే 'డేటం' అంటారు.

నాలుగు కాళ్ల కుర్చీ గచ్చు మీద ఊగడం మనందరికీ అనుభవమే. ముక్కాలిపీట ఎప్పుడైనా ఊగిందా? ఊగదు. మూడు బిందువులుంటే చాలు, ఏ వస్తువైనా ఒక తలం మీద స్థిరపడుతుంది. ఆ తర్వాత దాన్ని ఓ గోడకి జరిపితే రెండు బిందువులు, పక్క గోడకి నెడితే మరొకటి. మూడు, రెండు, ఒకటి. ఇక వస్తువు ఎటూ కదల్లేదు. గ్రానైట్ బల్ల మీద చిన్న దిమ్మె పెట్టి ఇది చేసి చూపిస్తే అంతవరకూ అర్థంకాని అక్షరాలు... ఏ, బీ, సీ... ఎందుకు రాస్తారో ఇట్టే తెలుస్తుంది. వాటి వరస మారిస్తే కొలత మారిపోతుంది. ఏ ముఖాన్ని ముందు ఆనించాలో చెప్పకపోతే, తయారుచేసిన మనిషి ఒకలా, తనిఖీ చేసిన మనిషి ఒకలా కొలుస్తారు. ఇద్దరిదీ నిజాయితీయే, సరుకు మాత్రం వెనక్కి వస్తుంది.

ఇంకో చిక్కు గుండ్రదనం. ఎటు పట్టి కొలిచినా ఒకే వెడల్పు వస్తే అది గుండ్రంగా ఉన్నట్టేగా అనుకుంటాం. కాదు! బ్రిటన్‌లో 1969 నుంచి చెలామణీలో ఉన్న 50 పెన్నీల నాణేనికి ఏడు పక్కలు. దాన్ని ఎటు పట్టి కొలిచినా వెడల్పు ఒకటే. లండన్‌లో బంధువులుంటే ఒకటి తెప్పించుకుని చూడండి. సెంటర్‌లెస్ గ్రైండింగ్‌లో కడ్డీలు ఒక్కోసారి ఇలా మూడు బుడిపెలతో తయారవుతాయి. మైక్రోమీటర్ పెడితే భేషుగ్గా ఉందంటుంది. బేరింగులో పెడితే గోల చేస్తుంది.

తరగతిలో ముఖాలు వెలిగేది మాత్రం 'బోనస్' పాఠం దగ్గరే. బోల్టు 10 మి.మీ. అనుకోండి. రంధ్రం కనీసం 10.28 ఉండాలి, దాని స్థానానికి 0.28 వ్యాసం మేర మినహాయింపు. డ్రిల్లు కాస్త పెద్దగా పడి రంధ్రం 10.38 అయిందంటే, ఇంకా 0.1 ఖాళీ దొరికినట్టేగా? డ్రాయింగులో సున్నా చుట్టిన 'ఎం' అక్షరం ఉంటే, స్థానానికి ఆ 0.1 కూడా కలిసి 0.38 అవుతుంది. ఆ ఒక్క అక్షరం తెలియని ఇన్‌స్పెక్టర్ మంచి సరుకును పక్కన పెట్టేస్తాడు. జాబ్‌వర్క్ మీద బతికే చిన్న షాపులో పదిమంది జీతం ఆ సరుకులోనే ఉంటుంది.

ఎందుకైనా మంచిదని...

తప్పంతా తనిఖీ చేసేవాళ్లదనుకుంటే పొరపాటే. నన్నడిగితే డిజైనర్ల వాటా ఎక్కువ. దేనికెంత కావాలో తెలియనప్పుడు 'ఎందుకైనా మంచిది' అని అన్నిటికీ 0.01 రాసి పారేస్తారు. రాయడానికి ఖర్చులేదు. చేయడానికి మాత్రం టర్నింగుతో పోయేదానికి గ్రైండింగ్ కావాలి, గ్రైండింగుతో పోయేదానికి ఇంకేదో కావాలి. చివరికి ఆ ఖర్చు మనం కొనే మోటారులోనో, మిక్సీలోనో తేలుతుంది.

మరి కాలేజీల్లో చెప్పరా? చెబుతారు. మెషీన్ డ్రాయింగులో ఒకటో రెండో తరగతులు, పరీక్షలో ఓ ప్రశ్న. కంప్యూటర్ మీద త్రీడీ బొమ్మ చకచకా గీసే కుర్రాడు, ఇంటర్వ్యూలో 'దీన్ని ఏ ముఖం నుంచి కొలవాలి?' అనగానే తడబడేది ఇందుకే.

మనకిది ఎక్కడో విదేశాల గొడవ కాదు. హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లోనే, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో మొదలైంది. పనిముట్ల తయారీలో శిక్షణకే పెట్టిన సంస్థ అది. నగర శివార్లలో ఆదిభట్లలోని టాటా బోయింగ్ కర్మాగారం 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలను పంపిస్తోంది. ఇక్కడ చేసిన బాడీ అమెరికాలో ఆరిజోనాలోని మీసా చేరి, ఎవరో తెలియని చేతుల్లో మిగతా భాగాలతో కలవాలి. అక్కడ చిత్రిక పట్టే అవకాశం లేదు.

నేర్చుకున్నామని కాగితం కూడా సంపాదించుకోవచ్చు. అమెరికన్ సొసైటీ ఆఫ్ మెకానికల్ ఇంజినీర్స్ టెక్నాలజిస్ట్, సీనియర్ అని రెండు స్థాయుల్లో పరీక్ష పెడుతుంది. యూరప్ కంపెనీలతో పనిచేసేవాళ్లు మాత్రం ఐఎస్ఓ పద్ధతి విడిగా చదవాలి. గుర్తులు చాలావరకూ ఒకటే అయినా, డ్రాయింగులో రాయని చోట ఏమనుకోవాలన్నదాంట్లో రెండింటికీ తేడా ఉంది. ఒకటి నేర్చుకుని రెండోదీ వచ్చేసిందనుకోవడం అనుభవజ్ఞులు కూడా చేసే తప్పే.

మంచి తరగతుల్లో చివరి రోజు ఎవరి కంపెనీ డ్రాయింగు వాళ్లే తెచ్చుకోవాలి. బల్ల మీద పరిచాక ఒక్కో గుర్తు దగ్గరా ఒకటే ప్రశ్న... ఈ భాగం చేసే పనేంటి, ఈ అంకె దానికెందుకు? జవాబు దొరకని అంకెల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుడుతూ వెళతారు. సాయంత్రానికి కొన్ని కాగితాల మీద అంకెల కంటే సున్నాలే ఎక్కువ కనిపిస్తాయి.