మారేడు: పండుకంటె కాయకే గుణమెక్కువ

మారిషస్‌లో మనకు మారేడు దళం లేని శివరాత్రి లేదు. చెరకుతోటల పనికై కోరంగి రేవులో ఓడలెక్కిన మన పూర్వుల సీమలో ఈ వృక్షం పూజకే కాక ఇంటి వైద్యానికీ ఆధారం. పత్రి మాట మనకు నిలిచింది, కాయ మాట మరుగున పడుతున్నది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఫలాలు పక్వమైతేనే శ్రేష్ఠమని ఆయుర్వేదం చెబుతుంది. మారేడుకు మాత్రం ఈ నియమం తలక్రిందవుతుంది. వగరు, చేదు కలిసిన లేతకాయ జఠరాగ్నిని పెంచి, జారే మలాన్ని కట్టుపరుస్తుంది. కనుక పెంకు పగులగొట్టి, గుజ్జును ముక్కలుగా ఎండబెట్టి, చూర్ణంచేసి, అతిసారంలోను గ్రహణిలోను మజ్జిగతోనో బెల్లంతోనో ఇస్తారు. పండు సువాసనగలదే, వేసవి పానకానికి యోగ్యమే. కాని త్వరగా అరగదు. విరేచనాలు ఆపడానికి పండు తినిపించడం ఈ పద్ధతికి విరుద్ధమని మేము నొక్కి చెప్పదలచాము.

వేరు దశమూలాలలో ఒకటి, వాతహరం. ఆకురసం మధుమేహానికి వాడుతారు. ఆ వ్యాధి విస్తారంగా ఉన్న మన దీవిలో, మాత్రలు మింగేవారు వైద్యుని అడగకుండా ఆ రసం త్రాగరాదు. రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. అతిసారంలో నెత్తురు కనబడినా, పసిపిల్లలు నీరసించినా, కాయకోసం వెదకక ఆసుపత్రికి వెళ్ళవలసినదే.