పాడి ఇంటి కుక్కకూ వేళాపాళా ఉండాలి

వేళ తప్పితే గేదె సరిగా చేపదని మన సంఘ సభ్యులందరికీ తెలుసు. అదే దొడ్డికి కాపలా కాసే కుక్క విషయంలో మాత్రం వేళాపాళా పాటించేవారు తక్కువ. ఉన్న పూట నాలుగు మెతుకులు, లేని పూట అది ఊరిమీద పడి తిరగడం. ఇలా తిరిగే కుక్క కాపలాకు దక్కదు సరికదా, రోగాలను ఇంటికి మోసుకొస్తుంది. ఏడాది దాటిన కుక్కకు రోజూ ఒకే వేళకు తిండి, నీరు, నడక, విశ్రాంతి అమర్చితే అది ఇల్లు పట్టి ఉంటుంది. ఇందుకు వేరే గడియారం అక్కరలేదు. మన పాల వేళలే చాలు.

ఉదయం

రాత్రి విడిచిన కుక్కను పాలు పితకడానికి ముందే కట్టివేయాలి. పితికేచోట అది తచ్చాడితే పశువు బెదిరి పాలు ఎగచేపుతుంది. కేంద్రంలో పాలు పోసి వచ్చాక, ఎండ ఎక్కకముందే, తాడు పట్టుకుని అరగంట నడిపించాలి. మలవిసర్జనకు మేతగడ్డి పెరగని చోటికి తీసుకెళ్ళాలి. తిరిగివచ్చాక కాస్త సేదతీరనిచ్చి, రోజు తిండిలో మూడోవంతు పెట్టాలి.

మధ్యాహ్నం

కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. ఎండలోగాని, రేకుల కిందగాని కట్టివేస్తే వడదెబ్బకు ప్రాణం పోవచ్చు. చెట్టునీడన కట్టి, పక్కన వెడల్పు మూకుడులో మంచినీళ్ళు ఉంచాలి. 20 కిలోల కుక్కకు రోజుకు లీటరుకు పైగా నీరు కావాలి. వేసవిలో ఇంకా ఎక్కువ. పగటిపూట ఎక్కువసేపు పడుకోవడం దానికి సహజం. పడుకున్నదాన్ని పిల్లలు లేపి ఆటపట్టించకుండా చూడాలి.

సాయంత్రం

సాయంత్రం పాలు పితికాక మరోసారి నడిపించి, మిగతా తిండి పెట్టాలి. అన్నంగాని, జొన్న లేక రాగి సంకటిగాని, దానితో ఉడికిన పప్పు, గుడ్డు లేదా మాంసం కలిపి చప్పిడిగా పెడితే చాలు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి; కాబట్టి మిగిలిన కూరలు కలపరాదు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి. పొదుగువాపు వచ్చిన పశువు పాలను కుక్కకు పోసేవారున్నారు. అదీ మంచిది కాదు. ఆ పాలలో రోగక్రిములు, వేసిన మందుల అవశేషాలు ఉంటాయి.

తిన్నాక చెవులు, వేళ్ళ సందులు తడిమి పిడుదులు ఉన్నాయేమో చూడాలి. పశువుల పిడుదుల మందును పశువైద్యుని అడగకుండా కుక్కకు పూయరాదు. ఆ తరువాత కంచె లోపల విడిచిపెట్టవచ్చు.

కుక్కకు దక్కకూడనివి

ఈనిన పశువు మాయను, ఈసుకుపోయిన పిండాన్ని కుక్కకు అందకుండా లోతుగా పూడ్చాలి. బ్రూసెల్లోసిస్ ఉన్న పశువు మాయను కుక్క ఈడ్చుకెళితే ఆ క్రిములు ఊరంతా చేరతాయి. నియోస్పోరా అనే మరో పరాన్నజీవి కూడా పశువులు ఈసుకుపోవడానికి కారణం. దీనిని 1988లో గుర్తించి పేరు పెట్టారు. కుక్క మలం ద్వారా అది వ్యాపిస్తుందని 1998లో తేలింది. అందుచేత దాణా డబ్బాకు మూత ఉండాలి. మేత తొట్టిలో, ఎండుగడ్డిపైన కుక్కను పడుకోనివ్వరాదు. గొర్రెలు, మేకలు కోసినచోట పారేసే కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివి తిన్న కుక్క నుంచి మనుషులకు నీటితిత్తుల వ్యాధి రావచ్చు. మూడునెలలకోసారి నట్టల మందు తాగించాలి.

అన్నిటికన్నా ముఖ్యం టీకా

వేళకు తిండి దొరికే కుక్క ఊరకుక్కలతో కొట్లాటకు తక్కువ పోతుంది. అయినా ఏటా పిచ్చికుక్క వ్యాధి టీకా తప్పదు. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న కుక్క కరిచిన బాలునికి తొలిసారి ఈ టీకా వేశారు. ఆ రోజునే జూనోసిస్ దినంగా పాటిస్తారు. చాలా పశువైద్యశాలల్లో ఆనాడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు.

ఈ వ్యాధి పశువుకూ వస్తుంది. మేత మాని, చొంగ కార్చి, బొంగురుగా అరుస్తున్న గేదెకు గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయిపెట్టవద్దు. వెంటనే పశువైద్యునికి కబురు చేయాలి. ఆ పాలు ఇంట్లో తాగరాదు, కేంద్రంలో పోయరాదు.

మనిషిని కుక్క కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టరాదు. అదేరోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నిటికీ వేయించుకోవాలి. వ్యాధి లక్షణాలు కనిపించాక బతికించే మందు లేదు.

రోజుకు గంట శ్రద్ధ, ఏటా ఒక టీకా. ఇంతమాత్రంతో ఇంటిల్లిపాదికీ, పాడికీ రక్షణ. సంఘ కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించి, కుక్కల టీకాలకు పశువైద్యునితో మాట్లాడి ఒక రోజు ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము.