హ్యాంగైన విండో లోపల

డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్ చెప్పే ఏ క్లాసులోనైనా కొద్ది రోజుల్లోనే ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. "సార్, బటన్ నొక్కితే లేబుల్‌లో ఒకటి నుంచి వంద దాకా అంకెలు మారాలని లూప్ రాశాను. అంకెకీ అంకెకీ మధ్య కాసేపు ఆగమన్నాను. కానీ నొక్కగానే విండో హ్యాంగ్ అయిపోతోంది. చాలాసేపటికి ఒక్కసారిగా వంద కనిపిస్తోంది. నా లూప్‌లో తప్పెక్కడుంది?"

లూప్‌లో తప్పేమీ లేదు. ఆ విద్యార్థి రాసిన లూప్‌కి అడుగున, అతను రాయని లూప్ ఇంకొకటి ఉంది. ఇతనిది తిరుగుతున్నంతసేపూ అది ఆగిపోయింది. కంప్యూటర్ లోపలి ఏర్పాట్లన్నిటిలోకీ నాకు బాగా ఇష్టమైనది ఆ అడుగు లూపే. కొత్తవాళ్ళని ఏడిపించే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం కూడా అక్కడే దొరుకుతుంది.

దాన్ని మెసేజ్ లూప్ అంటారు. విజువల్ బేసిక్, సీ షార్ప్ ఫారాలు, పైథాన్ టికింటర్, జావా స్వింగ్, ఏది పట్టుకున్నా లోపల తిరిగేది ఇలాంటిదే. విండోస్ ప్రోగ్రాంని నేరుగా సీ భాషలో రాస్తే అది కంటికి కనిపిస్తుంది. ఉన్నవి మూడే ఫంక్షన్లు. గెట్‌మెసేజ్ క్యూలోంచి ఒక మెసేజ్ తీస్తుంది. ట్రాన్స్‌లేట్‌మెసేజ్ నొక్కిన కీకి తగ్గ అక్షరం తేలుస్తుంది. డిస్పాచ్‌మెసేజ్ అది ఏ విండోకి వచ్చిందో చూసి, ఆ విండో కోసం మనం రాసిన ఫంక్షన్‌ని పిలుస్తుంది. మన ఫంక్షన్ పని ముగించుకుని వెనక్కి వస్తేనే లూప్ మళ్ళీ మొదటికి వెళ్ళి తర్వాతి మెసేజ్ తీస్తుంది. మౌస్ కదిలినా, కీ నొక్కినా, టైమర్ గడువు తీరినా ఆ సంగతి మన కోడ్‌కి చేరేది ఇక్కడి నుంచే. మెసేజ్‌లేవీ లేకపోతే ప్రోగ్రాం గెట్‌మెసేజ్ లోపలే నిద్రపోతుంది, ప్రాసెసర్ జోలికి పోదు.

నల్ల తెర మీద సీ నేర్చుకున్నవాళ్ళకి ఇది కొరుకుడు పడదు. అక్కడ ప్రోగ్రాం అడుగుతుంది, మనిషి జవాబిస్తాడు. తర్వాత ఏం జరగాలో ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. ఇక్కడ మన కోడ్ పిలిచినప్పుడు వచ్చి, పని చేసి, వెళ్ళిపోవాలి. టికింటర్‌లో కొత్తవాళ్ళు తరచూ చేసే పొరపాటు చూడండి. బటన్‌కి ఏ ఫంక్షన్ పిలవాలో చెప్పేచోట ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు కూడా పెట్టేస్తారు. దాంతో విండో తెరుచుకోకముందే ఆ ఫంక్షన్ ఒకసారి నడిచిపోతుంది. బటన్ చేతికి ఫంక్షన్‌కి బదులు అది తిరిగిచ్చిన విలువ వెళుతుంది. అది సాధారణంగా ఖాళీయే కాబట్టి ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా బటన్ పలకదు. "ఇప్పుడు పిలువు" అనడానికీ, "సమయం వచ్చినప్పుడు పిలవడానికి ఇది నీ దగ్గర ఉంచుకో" అనడానికీ మధ్య తేడా ఆ రెండు బ్రాకెట్లే.

ఇక లేబుల్ సంగతి. లేబుల్‌లో అంకె మార్చమన్నప్పుడు తెర మీద ఆ క్షణంలో ఏమీ గీయరు. అక్షరాలు మెమరీలో మారతాయి, లేబుల్ ఉన్న చోటు మీద "పాతబడింది" అని గుర్తు పడుతుంది. అంతే. గీయమని చెప్పే మెసేజ్ పేరు డబ్ల్యూఎం పెయింట్. నిజానికి అది మిగతా మెసేజ్‌ల్లాగా క్యూలో నిలబడదు. గెట్‌మెసేజ్ క్యూ అంతా వెతికి, కీబోర్డు, మౌస్ తాలూకువేవీ మిగల్లేదని తేల్చుకున్నాక, పాతబడిన చోటు ఏదైనా ఉంటే అప్పటికప్పుడు ఒక పెయింట్ మెసేజ్ పుట్టించి ఇస్తుంది. ఇంట్లో అందరూ తిన్నాక చివర్లో కంచం పెట్టుకునే ఇల్లాలి వరస దానిది.

ఎందుకిలా? గీయడం ఖరీదైన పని. వందసార్లు లేబుల్ మారితే వందసార్లు గీయడం దండగ, ఆఖరిది గీస్తే చాలు. పాతబడిన చోట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, కలిపి ఒక్కసారే గీస్తారు. 1984 నాటి మ్యాకింటోష్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. బిల్ అట్కిన్‌సన్ రాసిన క్విక్‌డ్రా ఎంత వంకరటింకర ప్రాంతాన్నైనా ఒకే వస్తువుగా పట్టుకుని కలపగలదు, తీసెయ్యగలదు. దాని ఆసరాతోనే మ్యాక్ కూడా గీసే పనిని ఇతర పనుల వెనక్కి నెట్టగలిగింది. 128 కిలోబైట్ల మెమరీ ఉన్న మెషీన్ మీద ఆ పొదుపు లేకపోతే విండోలు కదిలేవే కావు. మన విద్యార్థికి ఒక్కసారిగా వంద కనిపించిందంటే యంత్రం తొంభై తొమ్మిది అనవసరపు బొమ్మలు తప్పించుకుందన్నమాట.

దీనికి తిరగేసిన జబ్బు ఇంకోటుంది. సీలో రాసేవాళ్ళు పెయింట్ మెసేజ్ అందుకుని, లోపల బిగిన్‌పెయింట్, ఎండ్‌పెయింట్ పిలవకుండా ఊరుకుంటారు. "గీసేశాం, ఈ చోటు ఇక పాతది కాదు" అని గుర్తు చెరిపే పని బిగిన్‌పెయింట్‌ది. అది చెరగకపోతే గెట్‌మెసేజ్ మళ్ళీ చూస్తుంది, చోటు ఇంకా పాతదిగానే ఉంటుంది, ఇంకో పెయింట్ పుట్టిస్తుంది. అలా ఆగకుండా. తెర మీద అంతా మామూలుగానే ఉంటుంది, టాస్క్ మేనేజర్‌లో మాత్రం ఒక కోర్ పూర్తిగా మండిపోతుంటుంది. ఫ్యాన్ మోత విని ఈ తప్పు పట్టుకున్నవాళ్ళున్నారు.

ముగింపు దగ్గర కూడా ఒక చిక్కుంది. విండో మూసేశాం, తెర మీద ఏమీ లేదు. కోడ్ సరిచేసి మళ్ళీ కంపైల్ చేస్తే విజువల్ స్టూడియో ఎల్‌ఎన్‌కే 1168 అని ఎర్రర్ చూపిస్తుంది. ఈఎక్స్‌ఈ ఫైల్‌లో రాయడం కుదరట్లేదని దాని ఫిర్యాదు. కారణం, పాత ప్రోగ్రాం ఇంకా బతికే ఉంది. విండో పోవడం వేరు, లూప్ ఆగడం వేరు. విండో నాశనమయ్యేటప్పుడు వచ్చే మెసేజ్‌కి జవాబుగా పోస్ట్‌క్విట్‌మెసేజ్ పిలవాలి. అప్పుడే గెట్‌మెసేజ్ సున్నా తిరిగిచ్చి లూప్‌ని ఆపుతుంది. పిలవకపోతే ఇక ఎన్నటికీ రాని మెసేజ్ కోసం ఆ ప్రోగ్రాం నిద్రలోనే ఎదురుచూస్తుంది.

1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచి 3.1 దాకా గెట్‌మెసేజ్‌కి రెండో పని కూడా ఉండేది. ఒక ప్రోగ్రాం చేతిలోంచి ప్రాసెసర్‌ని లాక్కునే శక్తి అప్పటి విండోస్‌కి లేదు. ప్రోగ్రాం తనంతట తాను గెట్‌మెసేజ్ లాంటి ఫంక్షన్ పిలిచినప్పుడే పక్క ప్రోగ్రాంకి వంతు వచ్చేది. మెసేజ్ తీసుకోవడం, వంతు వదలడం ఒకే ఫంక్షన్‌లో కుదిర్చారు. ఆ పేద హార్డ్‌వేర్ మీద దానికంటే తెలివైన పొదుపు నాకు కనిపించదు. కానీ మన విద్యార్థి లూప్ ఆనాడు నడిచుంటే అతని విండోతోపాటు మిగతా విండోలన్నీ బిగుసుకుపోయేవి.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన పోటీ మొదలవుతుంది. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి తయారుచేసిన ఓఎస్/2కి ప్రాసెసర్‌ని లాక్కునే శక్తి పుట్టుకతోనే ఉంది. 1988లో దానికి ప్రెజెంటేషన్ మేనేజర్ అనే విండోల వ్యవస్థ తోడైంది. అయినా ఒక్క ప్రోగ్రాం మెసేజ్ అందుకోకుండా ఇరుక్కుంటే చాలు, మొత్తం డెస్క్‌టాప్ మౌస్‌కీ కీబోర్డుకీ పలికేది కాదు. మిగతా ప్రోగ్రాములు లోపల చక్కగా నడుస్తూనే ఉండేవి, వాటికి క్లిక్‌లు మాత్రం అందేవి కావు. ప్రాసెసర్ పంపకం ఎంత బాగున్నా ఇన్‌పుట్ క్యూ అందరికీ కలిపి ఒక్కటే పెట్టారు. పైగా ముందున్న క్లిక్ పని పూర్తయ్యేదాకా వెనకున్న కీ ఎవరిదో తేల్చరు.

ఇది మొద్దు నిర్ణయం కాదు, దాని వెనక గొప్ప జాగ్రత్త ఉంది. ఒక బటన్ నొక్కితే కొత్త విండో తెరుచుకుంటుందనుకోండి. అది తెరుచుకునేలోపే మీరు చకచకా టైప్ చేసేశారు. ఆ అక్షరాలు ఎక్కడ పడాలి? కొత్త విండోలో. కానీ అది ఇంకా పుట్టలేదు. ఓఎస్/2 ఆ అక్షరాలని క్యూలో అట్టే పెట్టి, క్లిక్ పని ముగిసి కొత్త విండో నిలబడ్డాక వాటిని దానికే అందిస్తుంది. ఎంత వేగంగా టైప్ చేసినా ఒక్క అక్షరం దారి తప్పదు.

ఆ తర్వాత రెండు కంపెనీలు విడిపోయాయి. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ రెండో దారి పట్టింది. కీబోర్డు నుంచి కీ రాగానే, ఆ క్షణంలో ముందున్న విండో ఎవరిదో చూసి, దాన్ని నడిపే థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా సాగే ఒక పని వరస) సొంత క్యూలో పడేస్తుంది. ఎవరి క్యూ వారిది, ఒకడు ఇరుక్కుంటే వాడొక్కడే ఇరుక్కుంటాడు. 1995 నుంచి ఇది ఇంటింటి విండోస్‌లోకీ వచ్చింది. దీని మూల్యం మనం ఇప్పటికీ చెల్లిస్తున్నాం. ఒక ప్రోగ్రాం తెరవమని చెప్పి టైప్ చేయడం మొదలుపెడితే, అది వచ్చేలోపు కొట్టిన అక్షరాలు పాత విండోలో పడుతుంటాయి. పాస్‌వర్డ్ వెళ్ళి చాట్ పెట్టెలో పడటం అలాంటిదే. అయినా ఎన్‌టీ చేసిందే సరి అని నా అభిప్రాయం. దారి తప్పిన అక్షరాన్ని చెరిపేసుకోవచ్చు, బిగుసుకుపోయిన డెస్క్‌టాప్‌ని మనిషి ఏమీ చేయలేడు.

క్యూలు విడిపోయాక విండోస్‌కి మరో సౌకర్యం కలిగింది. ఒక ప్రోగ్రాం ఐదు సెకన్ల పాటు క్యూ వైపు చూడకపోతే, దాని విండోని దాచేసి, సరిగ్గా అదే చోట, అదే సైజులో, అదే రూపంలో ఒక దెయ్యపు విండోని నిలబెడుతుంది. టైటిల్ పక్కన "నాట్ రెస్పాండింగ్" అని రాస్తుంది. మనం పక్కకి జరిపేది, మూసేది దాన్నే. అసలు ప్రోగ్రాంకి ఈ సంగతేమీ తెలియదు. అది కోలుకుని క్యూ చూడగానే దెయ్యం మాయమై అసలు విండో తిరిగొస్తుంది.

మరి మన విద్యార్థి ఏం చేయాలి? విజువల్ బేసిక్ రోజుల్లో అందరూ చెప్పిన చిట్కా డూఈవెంట్స్. లూప్ మధ్యలో దాన్ని పిలిస్తే ఎదురుచూస్తున్న మెసేజ్‌లన్నీ ఓసారి నడిచిపోతాయి, లేబుల్ కదులుతుంది. నేను మాత్రం దాన్ని వద్దంటాను. ఆ మెసేజ్‌లలో అదే బటన్ మీద రెండో క్లిక్ ఉండొచ్చు. అప్పుడు ఆ ఫంక్షన్ సగంలో ఉండగానే దాని లోపలే మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. రెండోది ముగిస్తేగానీ మొదటిది కదలదు. విండో మూసే క్లిక్ ఉంటే ఇంకా చిత్రం. వీబీ 6లో మూసేసిన ఫారం మీది లేబుల్‌ని ముట్టుకుంటే ఆ ఫారం మెమరీలోకి కనిపించకుండా మళ్ళీ లోడ్ అవుతుంది. ప్రోగ్రాం పోయిందనుకుంటాం, అది చీకట్లో నడుస్తూనే ఉంటుంది.

పనిని వేరే థ్రెడ్‌కి అప్పగించడం మంచి దారి. అయితే ఆ థ్రెడ్ నేరుగా లేబుల్‌ని ముట్టుకోకూడదు. 2005 నాటి డాట్‌నెట్ 2.0 నుంచి, డీబగ్గర్‌లో నడుస్తుండగా అలా ముట్టుకుంటే అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. ఎందుకంత పట్టుదల? జావాలో మొదట ఏ థ్రెడ్ నుంచైనా తెరని మార్చనివ్వాలనే ఆశపడ్డారు. అది ఎందుకు కుదరలేదో సన్ కంపెనీకి చెందిన గ్రాహమ్ హామిల్టన్ 2004లో వివరంగా రాశారు. మనిషి చేసే క్లిక్ కింద ఆపరేటింగ్ సిస్టమ్‌లో పుట్టి పైకి, మన కోడ్ వైపు వస్తుంది. మన కోడ్ ఇచ్చే ఆదేశం పైనుంచి కిందికి వెళుతుంది. పైకి వచ్చేది కింది తాళం వేసుకుని పై తాళం కోసం ఆగుతుంది. కిందికి వెళ్ళేది పై తాళం వేసుకుని కింది తాళం కోసం ఆగుతుంది. రెండూ కదలవు. అందుకే స్వింగ్ ఒకే థ్రెడ్ తెరని ముట్టుకోవాలని కట్టడి చేసింది.

ఆ కట్టడిలోనే విడుదల కూడా ఉంది. వేరే థ్రెడ్ నుంచి క్యూలో మెసేజ్ వేయడం ఎప్పుడూ క్షేమమే. స్వింగ్‌లో ఇన్వోక్‌లేటర్, డాట్‌నెట్‌లో బిగిన్‌ఇన్వోక్, రెండూ చేసేది "ఈ పని నువ్వే చెయ్యి" అని తెర థ్రెడ్ క్యూలో చీటీ వేయడమే. 2012లో సీ షార్ప్‌కి వచ్చిన అవెయిట్ కూడా అంతే. కంపైలర్ మన ఫంక్షన్‌ని అవెయిట్ దగ్గర ముక్కలు చేస్తుంది, పని ముగిశాక మిగతా ముక్కని క్యూలో వేయిస్తుంది. ఆగడానికి స్లీప్ బదులు అవెయిట్ టాస్క్ డిలే అని రాస్తే మన విద్యార్థి లూప్ ఉన్నది ఉన్నట్టుగానే అంకె వెంట అంకె చూపిస్తుంది. అవెయిట్ మానేసి డాట్ రిజల్ట్ అడిగితే మాత్రం ప్రమాదం. తెర థ్రెడ్ జవాబు కోసం ఆగిపోతుంది, ఆ జవాబు తాలూకు చివరి ముక్క అదే థ్రెడ్ క్యూలో వంతు కోసం ఆగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల తిరిగేదీ ఈ లూపే, టచ్‌కి జవాబివ్వని యాప్‌కి అక్కడ పెట్టిన గడువూ ఐదు సెకన్లే.

విండో హ్యాంగ్ అయినప్పుడు కోడ్ చదువుతూ ఊహించొద్దు. డీబగ్గర్‌లో నడిపించి, బిగుసుకున్నప్పుడే పాజ్ నొక్కి, మెయిన్ థ్రెడ్ కాల్ స్టాక్‌ని కిందినుంచి పైకి చదవండి. అడుగున మెసేజ్ లూప్ ఉంటుంది, దాని పైన మీ బటన్ ఫంక్షన్, ఆ పైన అది ఎవరిని పిలిచి ఆగిపోయిందో ఆ పేరు. స్లీప్, ఫైల్ చదవడం, డేటాబేస్, డాట్ రిజల్ట్, సాధారణంగా వీటిలో ఒకటి. మీ ఫంక్షన్లేవీ లేకుండా పైన గెట్‌మెసేజ్ మాత్రమే కనిపిస్తే ప్రోగ్రాం హ్యాంగ్ కాలేదు, మెసేజ్ కోసం ఎదురుచూస్తోంది. మీ ఫంక్షన్ పైన మెసేజ్ బాక్స్ పిలుపు కనిపిస్తే మాత్రం విండోలన్నీ పక్కకి జరిపి చూడండి, వెనకెక్కడో ఓకే నొక్కమని ఒక మెసేజ్ బాక్స్ దాక్కుని ఉండొచ్చు.