వంగని మోకాలు - ఆగని నమాజు

జుమా నాడు మన మస్జిదుల్లో వెనుక సఫ్ చూడండి. కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. ఇటీవల హనుమాన్ జంక్షన్‌లో ఒక పెద్దాయన నమాజు తర్వాత మమ్మల్ని ఆపి, మోకాలి ఎక్స్‌రే ఉన్న కవరు చూపించారు. "మౌల్వీ సాబ్, అరుగుదల ఉందన్నారు. ఇక నా సజ్దా పోయినట్లేనా?" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆయనకు జవాబు కోసం మేము తెలుసుకున్న సంగతులే ఇవి.

వెలుతురు వస్తువు నుంచి కంటికి చేరడం వల్లే చూపు కలుగుతుందని వెయ్యేళ్ళ క్రితం ఇబ్నుల్ హైసమ్ వివరించారు. కంటికి కనబడని ఎక్స్ కిరణాలను 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనుగొన్నారు. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, మృదులాస్థి కనబడదు. ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో చూసి అరుగుదలను అంచనా వేస్తారు. పడుకుంటే ఆ సందు ఎక్కువగా కనబడవచ్చు. అందుకే నిలబెట్టి, కాలిపై బరువు పడేలా తీస్తారు.

అయితే అరుగుదల వేరు, కదలిక వేరు. నడకకు మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే చాలు. కుర్చీలోంచి లేవడానికి 90 వరకు కావాలి. రెండు సజ్దాల మధ్య కాళ్ళు మడిచి కూర్చోవడానికి 140కి పైనే కావాలి. డాక్టర్లు కోణం కొలిచే పరికరాన్ని కాలి పక్కన పెట్టి చూస్తారు. కండ అడ్డు వల్ల కొద్ది డిగ్రీల తేడా రావచ్చు. మోకాలు వంచి పక్క నుంచి ఎక్స్‌రే తీస్తే ఎముకల అసలు కోణమే తెలుస్తుంది.

మోకాలు తలుపు బందులాంటిది కాదు. వంగేటప్పుడు ఎముక దొర్లుతుంది, జారుతుంది, కొంచెం తిరుగుతుంది కూడా. దీన్ని కొలవడానికి స్వీడన్‌లో సెల్విక్ 1974లో ఒక పద్ధతి చూపించారు. ఎముకలో చిన్న టాంటలం పూసలు పెట్టి, రెండు వైపుల నుంచి ఒకేసారి ఎక్స్‌రే తీసి, మిల్లీమీటరులో పదో వంతు కదలికను సైతం పట్టారు. ఇది పరిశోధనకు ఉపయోగం. ఎం.ఆర్.ఐ. మృదులాస్థిని, నరాల్లాంటి కట్లను చక్కగా చూపుతుంది. కానీ మామూలుగా కాలు కదపకుండా తీసే ఆ స్కాను మోకాలు ఎంత వంగుతుందో చెప్పదు. కనుక డాక్టరు అడగకుండా దానికోసం అప్పు చేయకండి.

ఫిలిములో అరుగుదల ఎక్కువున్నా కొందరికి నొప్పి తక్కువ. బరువు తగ్గడం, తొడ కండరాల వ్యాయామం చాలామందికి మేలు చేస్తాయి. మోకాలు మార్పిడి చేయించుకున్నవారికి సాధారణంగా 110, 120 డిగ్రీల వరకే వంగుతుంది. అందుచేత ఆపరేషన్‌కు ముందే, "నేను నేల మీద కూర్చుని నమాజు చదవాలి, కుదురుతుందా?" అని డాక్టరును స్పష్టంగా అడగండి.

ఇక ధర్మం మాట. నిలబడి నమాజు చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (స) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించిన సంగతి బుఖారీలో ఉంది. నిలబడగలిగినవారు నిలబడి, వంగలేని చోట మాత్రమే కుర్చీని ఆశ్రయించడం మేలు. సజ్దాకు సైగ చేసేటప్పుడు రుకూ కంటే కాస్త ఎక్కువ వంగాలి. సందేహముంటే ఇమామ్ సాబ్‌ను అడగండి.

ఆ పెద్దాయనకు మేము ఇదే చెప్పాం. ఆయన కోణం కొలిపించుకున్నారు. ఇప్పుడు నిలబడి తక్బీర్ చెప్పి, సజ్దా వేళ కుర్చీలో కూర్చుంటున్నారు. సజ్దా పోలేదు, తీరు మాత్రమే మారింది. అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.