అమ్మాయి చేతికి రైఫిల్ ఇస్తే...

ఎన్.సి.సి. క్యాంపులో తుపాకీ కాల్చడం నేర్పుతారనగానే మా ద్రాక్షారామంలో కొందరు తల్లులు హడలిపోతారు. "ఆడపిల్లకి తుపాకీ ఏంటమ్మా, విడ్డూరం కాకపోతే!" అని ఒక పిన్నిగారు. "పోన్లెండి, చిన్న తూటాలేనట, ఏమీ కాదు" అని మరొకావిడ. ఈ రెండు మాటల్లో నన్ను భయపెట్టింది రెండోదే.

తూటా, బుల్లెట్ ఒకటే అనుకుంటాం మనం. కాదండీ. ఇత్తడి డొప్ప, దాన్నిండా మందు, అడుగున దెబ్బ పడగానే అంటుకునే చిటికెడు వేరే మందు, మూతి దగ్గర బుల్లెట్... ఇవన్నీ కలిస్తే తూటా. ఎగిరిపోయేది బుల్లెట్ ఒక్కటే. ఏ తుపాకీకి దాని తూటానే పట్టాలి. 1922లో అల్లూరి సీతారామరాజు మన్యంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులతో పాటు 2500కి పైగా తూటాలు కూడా పట్టుకెళ్ళారు. మరి తూటా లేని తుపాకీ దుడ్డుకర్రతో సమానం కదా!

పిల్లలకిచ్చేది పాయింట్ ట్వంటీటూ రైఫిల్. దాని బుల్లెట్ లావు 5.6 మిల్లీమీటర్లు, బరువు రెండున్నర గ్రాముల చిల్లర, వేగం సెకనుకి సుమారు 330 మీటర్లు. ఏళ్ళ తరబడి పోలీసుల భుజాన వేలాడిన త్రీ నాట్ త్రీ బుల్లెట్ బరువు 11 గ్రాములు, వేగం సుమారు 740 మీటర్లు. అయితే దెబ్బ తొమ్మిది పది రెట్లే అనుకునేరు! వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. ఆ లెక్కన 20 రెట్లు దాటిపోతుంది.

బుల్లెట్ గీత గీసినట్టు పోదు. గొట్టం లోపల మరచుట్టులా ఉన్న గాడులు దాన్ని బొంగరంలా తిప్పుతాయి కాబట్టి పల్టీలు కొట్టదు గాని, గొట్టం దాటిన క్షణం నుంచీ కిందికి జారుతూనే ఉంటుంది. 25 మీటర్లలో చిన్నది 3 సెంటీమీటర్ల దాకా దిగితే, పెద్దది అర సెంటీమీటరు. ఆ మేరకు గురి సరిచేసుకోవాలి.

ఇక ఆ "ఏమీ కాదు" సంగతి. ఆ చిన్న బుల్లెట్టే, గొట్టం కాస్త పైకి లేస్తే కిలోమీటరున్నర దాకా పోగలదు. తగలరానిచోట తగిలితే ప్రాణం తీస్తుంది. గురిబోర్డుల వెనక ఎత్తుగా మట్టికట్ట ఉండేది అందుకే. పేల్చిన డొప్పలు సైతం లెక్కపెట్టి అప్పగించాలి. గుర్తుగా ఒకటి ఇంటికి తెచ్చుకుంటానంటే కుదరదు.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ పోటీలో రజతం గెలిచింది ఈ 5.6 మిల్లీమీటర్ల తూటాతోనే. మీ అమ్మాయినీ పంపించండి. పంపేముందు మాత్రం అడగండి: మట్టికట్ట ఉందా? తుపాకీ ఖాళీ అయిందో లేదో ప్రతిసారీ ఎవరు చూస్తారు? చెవులకి పెట్టుకోడానికి ఏమైనా ఇస్తారా?