టీకా కార్డు లేని బదిలీ

నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మా ఇంట్లో అమ్మ ముందుగా వెతికేది ఒక పాత ప్లాస్టిక్ ఫైలు. అందులో మా టీసీలతో పాటు చెల్లి టీకాల కార్డు ఉంటుంది. కొత్త ఊళ్లో దాన్ని చూపిస్తే ఏ టీకా పడిందో, ఏది మిగిలిందో నర్సుకు వెంటనే తెలిసిపోతుంది. మీలో చాలామంది ఇళ్లలోనూ ఇలాంటి ఫైలు ఉండే ఉంటుంది.

ఉత్తర్వులేవీ లేకుండానే ఏటా ఊరు మారే పిల్లలూ ఉన్నారు. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు చలికాలం మొదట్లో తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. వానలకు ముందు తిరిగి వెళ్తాయి.

ప్రభుత్వ కేంద్రాల్లో టీకా ఉచితం కదా, మరి ఇబ్బందేమిటి? నేనూ మొదట అలాగే అనుకున్నాను. టీకా ఉచితమే, కానీ ఆ రోజు కూలి ఎవరూ ఇవ్వరు. బట్టీలో వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. ముందే తీసుకున్న అడ్వాన్సు ఆ పనితోనే తీరాలి. తల్లి ఒక పూట ఆసుపత్రికి వెళ్తే ఆ పూట ఇటుకలు తగ్గినట్టే. రాత్రి బిడ్డకు జ్వరం వస్తే మర్నాడూ పని పోతుంది. పైగా అక్కడి భాష రాదు. సొంత ఊరి ఆశా కార్యకర్త జాబితాలో బిడ్డ పేరుంటుంది గాని బిడ్డ ఉండదు. బట్టీ ఉన్న ఊళ్లో బిడ్డ ఉంటుంది గాని జాబితాలో పేరుండదు.

టీకాల వయసు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు వేయాలి. నెల బిడ్డతో బట్టీకి వస్తే ఆ మూడూ అక్కడే రావాలి. తట్టు, రుబెల్లా టీకా 9 నెలలు నిండాక ఒకసారి, 16–24 నెలల మధ్య మరోసారి. తట్టు ఎంత వేగంగా అంటుకుంటుందంటే, దాన్ని ఆపడానికి నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి.

పోలియో విషయంలో మనదేశం ఈ చిక్కును విప్పింది. పిల్లలు వచ్చేదాకా ఆగకుండా చుక్కల మందే రైల్వే స్టేషన్లకు, బస్టాండ్లకు, ఇటుక బట్టీలకు వెళ్లింది. ఏ ఊరివాళ్లని చూడకుండా చుక్కలు వేసి చిటికెన వేలికి గుర్తు పెట్టారు. సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో నమోదైంది. 2014 డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ కూడా టీకాలు తప్పిపోయిన పిల్లల్ని ఇలాంటి చోట్ల వెతుకుతుంది.

ఒక డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయించుకోనక్కర్లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు. ఈ సంగతి తెలియక, నర్సు కోప్పడుతుందని జంకి వెళ్లని తల్లులుంటారు. మా క్వార్టర్స్ పక్కన భవనం కడుతున్న ఒక అక్కకు అమ్మ ఇదే చెప్పింది, సబ్‌సెంటరుకు దారి చూపించింది.