పాత బండి... ఉప్పుగాలి లెక్క!

‘సింగిల్ ఓనరండీ. డాక్టరుగారి బండి. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి... అంతే తిరిగింది!’

సెకండ్‌హ్యాండ్ బండి కోసం నాలుగు చోట్ల తిరిగినవారికి ఈ మాట కొత్తేమీ కాదు. విశాఖలో అమ్మకానికొచ్చిన ప్రతి పాత బండీ డాక్టరుగారిదో, లెక్చరరుగారిదో, మరీ కాదంటే నేవీ ఆఫీసరుగారిదో అయి ఉంటుంది. షిఫ్టుకెళ్లే కార్మికుడు పదేళ్లు వాడిన బండి మాత్రం ఎక్కడా కనిపించదు!

కొత్త బండి ఆన్‌రోడ్ ధర లక్షకు అటూఇటూ పలుకుతోంది. కాలేజీలో చేరిన అబ్బాయికో, అగనంపూడి నుంచి ప్లాంటుకి వెళ్లొచ్చే ఇంటాయనకో అంత పెట్టడం అన్ని కుటుంబాలకూ సాధ్యం కాదు. అందుకే పదేళ్లనాటి బండైనా ఫర్వాలేదనుకుంటారు. అందులో తప్పేమీ లేదు. సరిగ్గా చూసుకుంటే వంద సీసీ బండి ఇరవై ఏళ్లయినా పరుగెడుతుంది. ఆ చూసుకోవడంలోనే ఉంది కిటుకంతా. హైదరాబాద్‌లో బండి కొనేవాడు ముందు ఇంజిన్ చూస్తాడు. వైజాగ్‌లో కొనేవాడు మాత్రం ముందు ఇనుమును చూడాలి.

ఉక్కునగరంలో తుప్పు

దేశంలో సముద్రతీరాన వెలసిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం మనదే. చిత్రమేమిటంటే ఆ ఉక్కుకు బద్ధ శత్రువు కూడా ఇక్కడే, పక్కనే ఉంది. అలలు విరిగినప్పుడు గాలిలోకి లేచే ఉప్పు తుంపర కంటికి కనిపించదు. బండి మీద వాలి కూర్చుంటుంది. ఉప్పుకు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. కాబట్టి వాన పడకపోయినా ఇనుము మీద సన్నని తడిపొర ఉంటూనే ఉంటుంది. అందులోని క్లోరైడు తుప్పును ఆగనివ్వదు. బీచ్‌రోడ్డులోనో, పెదవాల్తేరులోనో బయట నిలిపిన బండికీ, పెందుర్తిలో ఇంట్లో పెట్టుకున్న బండికీ అందుకే అంత తేడా.

దీనికి తోడు పోర్టు చుట్టుపక్కల పాతబస్తీలో బొగ్గు పొడి, ఇనుప ఖనిజం పొడి. చైనులోకీ, ఎయిర్‌ఫిల్టర్‌లోకీ వెళ్లి గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఇక ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల పెట్టెలు మోసిన బండి సంగతి చెప్పనే అక్కర్లేదు. కారే నీరంతా ఉప్పునీరే.

నంబరు ప్లేటు కొంత కథ చెబుతుంది. ఏపీ 31 అంటే విశాఖ రిజిస్ట్రేషన్. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడు వచ్చాక ఆ ఆనవాలు పోయింది. ఏపీ 39 బండి అనంతపురంలో ఎండిందో, భీమిలిలో తడిసిందో నంబరు చూసి చెప్పలేం. అప్పుడు బండినే అడగాలి.

ఎలా అడగాలి? మెరిసే ట్యాంకు, స్టిక్కర్లు వదిలేసి కింద కూర్చోండి. చేతిలో టార్చి ఉండాలి. సీటు తీయించి బ్యాటరీ పెట్టే అర, దాని కింది ఫ్రేము చూడండి. అక్కడ యాసిడ్, ఉప్పు రెండూ కలిసి తింటాయి. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్, సైడ్‌స్టాండ్ అతుకు, మడ్‌గార్డు లోపలి వైపు, ఇంజిన్ ముందు నుంచి దిగే గొట్టం అడుగు భాగం... తుప్పు దాక్కునే చోట్లు ఇవే. పైపైన ఎర్రబడితే భయం లేదు. తాళంచెవితో గీకితే పెచ్చులూడుతుంటే, వెల్డింగు అతుకు దగ్గర పొంగినట్టుంటే మాత్రం బేరం ఆడొద్దు, వచ్చేయండి. పన్నెండేళ్ల బండికి అడుగున కొత్త నల్లరంగు మిలమిలలాడుతుంటే అది శుభ్రత అనుకోవడానికి వీల్లేదు. ఏదో కప్పిపుచ్చారేమోనని అనుమానించాలి.

ట్యాంకు మూత తీసి లోపల టార్చి వేయండి. గోడలు గోధుమరంగులో ఉంటే ఆ పొడి కార్బురేటర్‌లోకి దిగి బండి మధ్యదారిలో ఆగుతుంది. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ట్యాంకు మీద నడిపించండి. ఒకచోట అంటుకోకుండా జారిపోయిందంటే అక్కడ రంగు కింద లప్పం ఉన్నట్టే. ముందు ఫోర్కు రాడ్ల మీద గోరు పెట్టి గీయండి. గరుకుగా చిన్నచిన్న గుంటలు తగిలితే ఆయిల్ సీళ్లు ఎన్నిసార్లు మార్చినా కారుతూనే ఉంటాయి. హెడ్‌లైటు వెనక వైర్ల కనెక్టర్లు పచ్చగా చిలుముపట్టి ఉంటే హారన్ ఒకరోజు, ఇండికేటర్ మరోరోజు మొరాయిస్తాయి.

ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరాన్ని ఊపేసినప్పుడు చెట్లు, గోడలు కూలి నలిగిన బండ్లు తక్కువేం కాదు. అంతకుముందు బండి అయితే నలుగురు మనుషులు కాదు, తిన్నటి రోడ్డే సాక్ష్యం. ఒకరిని నడపమని, మీరు సరిగ్గా వెనక నిలబడి చూడండి. వెనక చక్రం ముందు చక్రం దారిలోనే రాకుండా పక్కకు నడుస్తుంటే ఫ్రేమో, ఫోర్కో వంగినట్టే. సెంటర్‌స్టాండ్ వేసి, ముందు చక్రాన్ని లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పండి. మధ్యలో టక్కున ఆగే గాడి తగిలితే స్టీరింగ్ బేరింగులు పోయాయి.

చల్లటి ఇంజిన్... అసలు పరీక్ష

బండి చూడ్డానికి వెళ్లేముందు ఫోన్లో ఒక్కమాట చెప్పండి: ‘నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి’. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందా... ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజిన్ రెండుమూడు కిక్కుల్లో అందుకోవాలి. కిక్కు మరీ తేలిగ్గా, గాలిలో తొక్కినట్టు దిగిపోతే కంప్రెషన్ లేదని అర్థం. ఫోర్‌స్ట్రోక్ బండి సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే లోపల ఆయిల్ కాలుతోంది. మెకానిక్కుల భాషలో ‘బోరుకొచ్చింది’. టూస్ట్రోక్‌కు ఈ లెక్క వర్తించదు, వాటికి పొగ పుట్టుకతోనే వచ్చింది. ఆయిల్ మూత తీసి చూస్తే పాలరంగు నురగ కనిపించిందంటే లోపలికి నీరు చేరింది.

మీటరులో ఇరవై వేల కిలోమీటర్లు చూపిస్తోందా? నమ్మకండి. కేబుల్ ఊడదీస్తే మీటరు ఆగుతుంది, కాలిరబ్బరు అరుగుదల ఆగదు. బ్రేకు పెడల్, గేర్ లివర్, ఫుట్‌రెస్ట్ నున్నగా అరిగిపోయి మీటరు మాత్రం చిన్నపిల్లలా ఉంటే ఏది నిజమో తెలుస్తూనే ఉంది. టైరు పక్కన చిన్న గళ్లలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. పళ్లు బాగున్నా వయసు మీరిన రబ్బరు తడిరోడ్డు మీద జారుతుంది.

తొక్కి చూడ్డానికి వైజాగ్‌లో ఎత్తుపల్లాలకు కొదవేముంది! వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని హనుమంతవాక ఎత్తో, కైలాసగిరి ఘాటో ఎక్కించండి. ఇంజిన్ గోల పెడుతూ బండి కదలకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. దిగేటప్పుడు బ్రేకుల సంగతి, గేరు దానంతటదే జారే రోగం ఉంటే అదీ బయటపడతాయి. తెలిసిన మెకానిక్కును వెంట తీసుకెళ్లి ఆయన పూటకూలి ఇవ్వండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్కు మాత్రం వద్దు.

సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు

ఇంజిన్ పోతే బాగుచేయించుకోవచ్చు. కాగితం పోతే కుటుంబమే చిక్కుల్లో పడుతుంది. మన దగ్గర ఒక పాడు అలవాటుంది. మొదటి యజమాని 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి కొన్నవాడి చేతిలో పెడతాడు. తేదీ ఉండదు, కొన్నవారి పేరుండదు. ఆ ఖాళీ ఫారాలతోనే బండి మూడు నాలుగు చేతులు మారిపోతుంది. ఆర్సీలో మాత్రం ఆ మొదటాయన పేరే!

ఇది ఎంత ప్రమాదమో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతుంది. ఓ కారును 2007లో అమ్మేశారు. అది చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం చేసి ప్రాణం తీసింది. అప్పటికీ రికార్డుల్లో మొదటి యజమాని పేరే ఉంది. పరిహారం బాధ్యత రికార్డుల్లో ఎవరి పేరుంటే వారిదేనని కోర్టు తేల్చింది. రెండేళ్ల కిందటే అమ్మేశానన్న వాదన నిలవలేదు. బైకుకైనా ఇదే చట్టం. అంటే బండి అమ్మే పెద్దాయనకూ ఇది ప్రాణసంకటమే.

కొనేవాడికి మరో రకం. ఆ మొదటాయన ఈలోపు చనిపోతే వారసుల చుట్టూ తిరగాలి. బండి దొంగదైతే పోలీసులు పట్టుకుపోతారు, డబ్బు గాల్లో కలుస్తుంది. అందుకే ఆర్సీలో పేరున్న మనిషినే కలవండి. ‘మా బావగారిదండీ, ఊళ్లో లేరు’ అంటే ఆయనొచ్చాకే మాట్లాడదామనండి. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీదున్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఒక్కో అంకే ఆర్సీతో సరిచూడండి. తుప్పులో కనిపించకపోతే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే ముద్ర పడుతుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ గడువు, బీమా వివరాలు వస్తాయి. చలానాలూ చూడండి. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే అప్పు తీరినట్టు ఆ కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ, 35వ నంబరు ఫారం లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణాశాఖకు తెలియజేయాలి. కాస్త డబ్బు చివరికి అట్టిపెట్టి, పేరు మారాకే ఇస్తామనడం పద్ధతి. డీలరు దగ్గర కొంటుంటే 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం ఆయనకు అధీకృత ధ్రువపత్రం ఉండాలి. అడిగి చూడండి.

నేవీ, పోర్టు, స్టీలుప్లాంటు ఉన్న ఊరు కాబట్టి ఒడిశా, బెంగాల్, జార్ఖండ్ నంబర్ల బండ్లు బదిలీ వేళల్లో చవగ్గా వస్తాయి. ఆ రాష్ట్రపు ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ లేనిదే ఇక్కడ పేరు మారదు. పైగా ఇక్కడి జీవితపన్ను కట్టాలి. ఆ రెండూ కలిపితే చవక ఎంత మిగులుతుందో ఇంటిదగ్గర కాగితం మీద వేసుకోండి.

పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. ఆపై ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేయించాలి. ఆ రుసుం 2022 ఏప్రిల్‌లో 300 నుంచి వెయ్యి రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటిన బైకులకు 2025లో రెండు వేలు చేశారు.

ఆర్ఎక్స్ మోజు

కుర్రకారు మోజు వేరు. యమహా ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అంటే ఎంత చిన్న బండికైనా దాదాపు ముప్పై ఏళ్లు. 1994లో రిజిస్టరైన బండికి 2009, 2014, 2019, 2024... నాలుగుసార్లు రెన్యువల్ జరిగి ఉండాలి. ఒకటి తప్పినా ఆర్టీవో దగ్గర ఆగిపోతారు. ట్యాంకు ఒకదానిది, ఇంజిన్ మరోదానిది, కాగితం ఇంకోదానిది కలిపి ‘ఒరిజినల్’ అంటూ అమ్మేవాళ్లున్నారు. బ్లాకు ఎన్నిసార్లు బోరింగ్ చేయించారో అడగండి. చివరి ఓవర్‌సైజు పిస్టన్ పడిపోయి ఉంటే తర్వాత స్లీవు వేయించడమో, బ్లాకు మార్చడమో తప్పదు.

ఏ పాత బండి కొన్నా ఇంటికి తేగానే ఇంజిన్ ఆయిలు, బ్రేక్ షూలు, పెట్రోలు పైపులు మార్పించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్బురేటర్ రబ్బర్లకు అది పడకపోవచ్చు, తేమనూ పీలుస్తుంది. కాబట్టి మన ఊళ్లో ట్యాంకును సగం ఖాళీగా వారాలతరబడి వదలొద్దు. ఆర్కేబీచ్‌కో, రుషికొండకో వెళ్లొచ్చిన రోజు రాత్రే రెండు బకెట్ల మంచినీళ్లు బండి అడుగు భాగం మీద కూడా పొయ్యండి. తడి ఆరాకే కవరు కప్పాలి, చైనుకు రెండు చుక్కలు ఆయిలు వేయాలి.